బామ్మర్ది ఇచ్చిన 6 లక్షలు

అమ్మీ,

చీనీకాయల్ని సైజు చూసి వేరుచేసే మిషన్ల కంపెనీకి బయట డబ్బు తెస్తున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. సంతోషం, భయం రెండూ కలిసి రాత్రి నిద్ర పట్టలేదు.

పెద్ద ఇన్వెస్టర్ల సంగతి సులువే. ప్రభుత్వం ఇచ్చే స్టార్టప్ గుర్తింపు వచ్చాకే కన్వర్టిబుల్ నోటు, అంటే తర్వాత షేర్లుగా మారగల అప్పు పత్రం, రాయి. ఒక్కొక్కరు ఒకే విడతలో 25 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలి, 10 ఏళ్లలోపు అది షేర్లుగా మారాలి లేదా తిరిగి కట్టాలి. మారాక నీ వాటా ఎంత మిగులుతుందో సంతకానికి ముందే నువ్వే లెక్క వేసుకో.

నా భయమంతా చుట్టాల డబ్బు గురించే. 2015లో తాడిపత్రిలో మన బండల పాలిష్ ఫ్యాక్టరీని ప్రైవేట్ లిమిటెడ్ చేశాక మీ పెద్దమ్మ తమ్ముడు 6 లక్షలు ఇచ్చాడు. "ఇప్పటికి అప్పనుకో బావా, కంపెనీ నిలబడితే షేర్లు రాసియ్యి" అన్నాడు. సరే అన్నాను, కాగితం లేదు, నెల తిరక్కుండా ఆ డబ్బు మిషన్‌కు కట్టేశాను. రెండేళ్లకు షేర్లు రాద్దామని కూర్చుంటే ఆడిటర్ రెండే ప్రశ్నలు అడిగాడు. అప్పును షేర్లుగా మార్చే షరతుకు, డబ్బు తీసుకోకముందే సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం చేశారా? కంపెనీల చట్టం 62వ సెక్షన్ అడిగేది అదే. చేయలేదు. ఈయన మీకేమవుతాడు? బామ్మర్ది అన్నాను. ఆ చట్టం బంధువుల లెక్కలో భార్య, తల్లిదండ్రులు, పిల్లలు, కోడలు, అల్లుడు, తోబుట్టువులు ఉన్నారు, బామ్మర్ది లేడమ్మా. డైరెక్టర్‌నైన నాకు వాడు చట్టం లెక్కలో బంధువు కాదు, వాటాదారు కూడా కాదు, కాబట్టి ఆ అప్పు మేం బయటివాళ్ల దగ్గర తీసుకోకూడని డిపాజిట్ అయింది. పొలం తాకట్టు పెట్టి వడ్డీతో సహా తిరిగి ఇచ్చాను. అదే డబ్బుతో కొత్తగా షేర్లు తీసుకోమంటే అప్పటికి ధర పెరిగిపోయింది. ఎగ్గొట్టడానికే చట్టం మాట ఎత్తానని వాడు అనుకున్నాడు. వాళ్లింట్లో పెళ్లికి మమ్మల్ని పిలవలేదు, మీ పెద్దమ్మ ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

ఇంత తెలిసీ మేనమామల దగ్గర రెండేసి లక్షలు అడుగుతున్నావంట! ఎవరు చెప్పారు నీకు? వెంటనే ఆపు.

ఆ లెక్కలో పెదనాయన కూడా లేడు. నా దగ్గర 8 లక్షలున్నాయి, కన్వర్టిబుల్ నోటుకు చాలవు, కంపెనీకి అప్పుగా ఇవ్వకూడదు. అందుకే నీకే గిఫ్ట్ డీడ్ రాసిస్తా. ఆదాయపు పన్ను చట్టంలో తండ్రికి అన్న అయినవాడు బంధువే, నీకు పన్ను పడదు. దాంతో నీ పేరు మీదే షేర్లు తీసుకో. ఆదివారం అనంతపురం రా, మీ పెద్దమ్మ ఓళిగలు చేస్తానంటోంది.

మీ పెదనాయన