మొదట కాళ్లు చూడు

విజయనగరం

అమ్మాయీ,

నీ నవల రాతప్రతి చేరింది. పట్టుకున్నాక ఆపకుండా చదివాను. ఆమదాలవలసలో కూర్చుని ఐస్ డ్యాన్సర్ జీవితం, అంటే మంచు మీద స్కేట్లు కట్టుకుని జోడీతో నాట్యం చేసే పిల్ల జీవితం, రాయాలన్న ఆలోచనే నాకు నచ్చింది. "మన జీడితోటలూ మన వలసలూ ఉండగా ఆ మంచు గొడవ మనకెందుకు" అని ఎవరో అన్నారని బాధపడ్డావు. ఆ మాట పట్టించుకోకు. ఏ విషయం నిన్ను నిద్రపోనివ్వదో అదే రాయి.

అయితే నీ ప్రతి అధ్యాయమూ పతకం రావడంతోనో, పోవడంతోనో ముగుస్తోంది. మధ్యలో ఆ పిల్ల రోజంతా ఏం చేస్తుందో నాకు కనబడలేదు. ఏ కాలి మీద నిలబడింది, ఎటు వాలింది, జోడీ కుర్రాడి చెయ్యి ఎక్కడుంది? ఏమీ తెలియలేదు. మూడో అధ్యాయంలో ఆమె గాల్లో మూడు చుట్లు తిరిగి దిగుతుంది, స్టేడియమంతా చప్పట్లు. ఐస్ డ్యాన్స్‌లో అలాంటి జంప్ ఉండదమ్మా. అది స్కేటింగ్‌లోనే వేరే విభాగాలైన సింగిల్స్ వాళ్లదీ, పెయిర్స్ వాళ్లదీ. ఇక్కడ చూసేది వేరు. స్కేటు కింది బ్లేడు అంచు మీద ఎంత లోతుగా వాలారు, తాళం తప్పకుండా ఒకరికొకరు ఎంత దగ్గరగా కదిలారు అన్నదే లెక్క. బ్లేడు అడుగున మధ్యలో సన్నటి గాడి ఉంటుంది, దానికి అటొక అంచు, ఇటొక అంచు. నాట్యమంతా ఆ అంచుల మీదే, లోపలి అంచు నుంచి బయటి అంచుకూ, మళ్లీ లోపలికీ మారుతూ సాగుతుంది. జంట మరీ దగ్గరగా తిరుగుతారు కాబట్టి ఒకరి స్కేటు ఒకరికి తగలకుండా డ్యాన్సర్ల బ్లేడు వెనకభాగం పొట్టిగా చేస్తారు. ఇక ట్విజిల్స్ అని ఉంటాయి. ఇద్దరూ పక్కపక్కన, ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతూనే ముందుకు సాగాలి. ఒకరు అర క్షణం వెనకబడితే చాలు, ఆట తెలియని వాళ్లకు కూడా తెలిసిపోతుంది. నీ మూడో అధ్యాయానికి కావలసిన టెన్షన్ అక్కడుంది. జంప్ తీసేసి అది పెట్టు.

1984 సరయేవో ఒలింపిక్స్ గురించి నువ్వు ఒక పేజీ రాశావు. బ్రిటన్ జంట జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్‌లకు తొమ్మిది మంది జడ్జీలూ కళాత్మకతకు 6.0, అంటే అప్పటి పూర్తి మార్కులు, ఇచ్చారని రాసి ఊరుకున్నావు. అది ఎవరైనా రాస్తారు. దాని వెనక జరిగిన పని చూడు. వాళ్లు ఎంచుకున్న రావెల్ 'బొలేరో' పావుగంట సంగీతం. ఎంత కుదించినా 4 నిమిషాల 28 సెకన్ల కంటే తగ్గలేదు. అప్పటి నిబంధన ప్రకారం 4 నిమిషాల 10 సెకన్లు మించకూడదు. కానీ గడియారం మొదలయ్యేది స్కేటు మంచును తాకినప్పుడు. అందుకని ఇద్దరూ మంచు మీద మోకాళ్లపై కూర్చుని, బ్లేడు ఆనకుండా, ఒళ్లు మాత్రం ఊపుతూ ఆ 18 సెకన్లూ గడిపారు. లోకం మెచ్చుకున్న ఆ ఆరంభం ఒక రూలు పెట్టిన చిక్కులోంచి పుట్టింది. నీ నాయికకు ఇలాంటి చిక్కు ఒక్కటైనా పెట్టావా? ఆమెకు కన్నీళ్లు పెట్టావు, శత్రువుల్ని పెట్టావు, ఒక్క రూలు కూడా పెట్టలేదు.

జోడీ కుర్రాడి సంగతి ఇంకా అన్యాయం. అతను నీ నవలలో ఎత్తి దించడానికే ఉన్నాడు. ఐస్ డ్యాన్స్‌లో కెరీర్ ఎవరికీ ఒక్కరిదిగా ఉండదు. కెనడా జంట టెస్సా వర్చ్యూ, స్కాట్ మోయర్ 1997లో కలిశారు. ఆమెకు ఏడేళ్లు, అతనికి తొమ్మిది. 2010లో వాంకూవర్‌లో స్వర్ణం, 2014లో సోచిలో రజతం, 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో మళ్లీ స్వర్ణం. ఇవన్నీ నీకు తెలుసు. ఆమెకు మోకాళ్ల కింద కండరాల నొప్పికి 2008లో ఒకసారి, 2010లో మరోసారి ఆపరేషన్ అయింది. మొదటి ఆపరేషన్ తర్వాత ఆమె కోలుకునేదాకా అతను ఇసుక సంచుల్నీ హాకీ కర్రల్నీ ఆమె స్థానంలో పెట్టుకుని ఒంటరిగా ప్రాక్టీస్ చేశాడు. ఇసుక సంచిని నడుం పట్టుకున్నట్టు పట్టుకుని మంచు మీద తిరుగుతున్న ఆ కుర్రాడి దగ్గర నేనైతే ఒక అధ్యాయమంతా ఆగిపోతాను. ఆమె తిరిగొస్తుందా, వస్తే ఆ కాళ్లు ఇదివరకటిలా ఉంటాయా, రాకపోతే ఇన్నేళ్ల తర్వాత తను ఎవరితో మొదలుపెట్టాలి? అలాంటి రోజుల్లో మనసు ఎటు పోతుందో ఊహించడం రచయితగా నీ పని.

డబ్బు గురించి కూడా రాయి. టోర్విల్ ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, డీన్ పోలీసు. నాటింగ్‌హామ్ నగరపాలక మండలి ఆర్థిక సాయం ఇచ్చాకే ఉద్యోగాలు వదిలి పూర్తిగా ఆటకు దిగారు. స్కేటింగ్ చేసే మంచు రింకు అద్దె ఎవరు కట్టారు, డ్రెస్సు ఎవరు కుట్టారు అన్నది లేకపోతే క్రీడాకారుల కథ నాకు సగం కథే. మీ ఆమదాలవలస పక్కనే ఊసవానిపేట. ఆ ఊరి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు తెచ్చింది. ఆమె గురించి రాసినప్పుడు కూడా మనం ఆ కంచు దగ్గరే ఆగిపోతున్నాం. నాకు ఇది చాలా కాలంగా ఉన్న బాధ.

మంచు రింకు కంటితో చూడని నాకు రాసే హక్కుందా అని అడిగావు. 2010లో వాంకూవర్‌లోనే జరిగింది చెప్తాను. ఆ ఏడు ఒక విభాగానికి జానపద నృత్యాలు అంశం. అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్ మన హిందీ సినిమా పాటలు తీసుకున్నారు. భారతీయ నృత్యం తెలిసిన టీచర్ దగ్గరికి వెళ్లి ముద్రలూ తల కదలికలూ నేర్చుకుని ఆడారు. మనవాళ్లు ఆ వీడియో చూసి మురిసిపోయారు. అదే పోటీలో ఒక రష్యా జంట ఆస్ట్రేలియా ఆదివాసుల నృత్యం అంటూ ఒంటి మీద గీతల డ్రెస్సుతో దిగింది. ఆ ఆదివాసుల పెద్దలు నొచ్చుకుని, ఇది మాది కాదన్నారు. రెండు జంటలూ బయటివాళ్లే. నువ్వూ బయటిదానివే. మొదటి జంట చేసిన పని చెయ్యి, తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లు.

ఎవరి దగ్గరికి అంటావా? విశాఖ వెళ్లి, చక్రాల స్కేటింగ్ నేర్పే కోచ్‌ని పట్టుకో. ఆ ఆటలోనూ జంట నాట్యం ఉంది. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్స్‌లోనూ, అవని పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లోనూ కంచు గెలిచాడు. నువ్వు కూడా చక్రాలు కట్టుకుని ఒంటికాలి మీద ఒక వంపు తిరిగి చూడు, అంచు అంటే ఏమిటో నీ చీలమండకు తెలుస్తుంది. చలి కోసం సముద్రం ఒడ్డున చేపలకు ఐసు చేసే ఫ్యాక్టరీకి వెళ్లు. అమ్మోనియాతో ఉప్పునీళ్లను చల్లబరిచి దిమ్మలు తీస్తారు. చాలా రింకుల్లోనూ నేల కింద గొట్టాల్లో తిరిగేది అలాంటి ఉప్పునీళ్లే. కొండవెలగాడ వెళ్లి బరువులెత్తే పిల్లల్ని వాళ్ల మోకాళ్ల గురించి అడుగు. మీ పక్క ఊళ్లలో తప్పెటగుళ్ల బృందం ఎక్కడ ఆడుతున్నా వెళ్లి కూర్చో. అందరూ ఒక్క దరువు మీద గెంతుతున్నప్పుడు ఒకడి అడుగు తప్పితే పక్కవాడు ఏం చేస్తాడో కళ్లారా చూడు, ఆట అయ్యాక వాడినే అడుగు. ఇవన్నీ నీ నోట్‌బుక్‌లోకి వచ్చాక ఆ వీడియోలు మళ్లీ పెట్టుకో. ఈసారి సౌండ్ తీసేసి, మొహాలు వదిలేసి, కాళ్లు మాత్రమే చూడు.

భాష గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. నీ మాట బాగుంది. ఉపమానాలు సగం తగ్గించు.

సిరిమానోత్సవానికి విజయనగరం వస్తానన్నావు కదా. అప్పటికి మొత్తం తిరగరాయక్కర్లేదు. మూడో అధ్యాయమూ, ఆ కుర్రాడు ఒంటరిగా ప్రాక్టీస్ చేసే కొత్త అధ్యాయమూ పట్టుకురా. ఇంట్లోనే దిగు, మీ అమ్మగారిని కూడా తీసుకురా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు