ఇంట్లో పలికే వాచీ పార్కులో ఎందుకు పలకదు?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున కేబీఆర్ పార్కులో నడుస్తున్నాను. చేతిలో ఫోను లేకుండా వెళ్లొచ్చని మా అమ్మాయి సెల్యులార్ ఉన్న ఆపిల్ వాచీ కొనిచ్చింది. ఇంట్లో ఉన్నంతసేపూ కాల్స్, మెసేజ్‌లు చక్కగా వస్తాయి. పార్కుకు వెళ్లాక మా ఆవిడ ఫోన్ చేస్తే వాచీ మోగదు; హాల్లో టీవీ పక్కన పెట్టిన నా ఫోనే మోగుతుంది. నేను చేస్తే కలుస్తుంది గానీ చాలాసేపు పడుతుంది. ఇల్లు చేరాక తప్పిపోయిన కాల్స్ అన్నీ ఒక్కసారిగా కనిపిస్తాయి. కొన్ని రోజులు మాత్రం అంతా సవ్యంగా ఉంటుంది. షాపులో వాచీ బాగానే ఉందన్నారు. నెట్‌వర్క్ వాళ్లు ప్లాన్ నడుస్తోందన్నారు. పార్కులో సిగ్నల్ లేకపోవడమేనా కారణం? ఈమధ్య వాచీ తెర పైన పసుపు రంగులో చిన్న గుండ్రటి గుర్తు కనిపిస్తోంది. చార్జింగ్ ఎక్కువసేపు నిలవడానికి మనవడు ఏదో పెట్టాడట.
– ఒక పాఠకుడు, బంజారాహిల్స్

జవాబు: మీ సమస్యకు మూలం ఆ పసుపు గుర్తేనండీ. అది లో పవర్ మోడ్ (చార్జింగ్ పొదుపు చేసే అమరిక) గుర్తు. 2022లో వచ్చిన ఆపిల్ వాచీ సాఫ్ట్‌వేర్ వాచ్‌ఓఎస్ 9తో ఈ సదుపాయం మొదలైంది. ఇది ఆన్‌లో ఉన్నప్పుడు ఫోను దగ్గర లేకపోతే, వాచీ తన వైఫైని, సెల్యులార్‌ను ఆపేసుకుంటుంది. అందుకే మీకు వచ్చే కాల్స్ రావు. మీరే కాల్ చేసినప్పుడు అవసరం కాబట్టి సెల్యులార్‌ను మేల్కొలుపుతుంది. ఆ ఆలస్యమే మీరు గమనించింది. ఇంట్లో ఫోను పక్కనే ఉంటుంది కాబట్టి బ్లూటూత్ మీద అంతా మామూలుగా నడిచిపోతుంది.

మరి కొన్ని రోజులు సవ్యంగా ఎందుకు ఉంటోంది? ఈ మోడ్ పెట్టేటప్పుడు ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు అని గడువు ఎంచుకోవచ్చు. గడువు తీరగానే అదే పోతుంది. గడువు పెట్టకపోతే, చార్జింగ్ 80 శాతానికి చేరగానే ఆగిపోతుంది. మళ్లీ ఎవరో ఒకరు పెడుతున్నారు. మనవడిని కోప్పడకండి, తాతయ్య వాచీ మధ్యలో ఆగిపోకూడదనే పెట్టి ఉంటాడు.

సిగ్నల్ మీద అనుమానం మీకు రావడం సహజం. టెలికాం ఉద్యోగంలో ఉన్నంతకాలం జీపులో పరికరాలు పెట్టుకుని ఈ నగరమంతా సిగ్నల్ కొలుస్తూ తిరిగినవాడిని. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ బండరాళ్ల మధ్య, పల్లపు మలుపుల్లో సిగ్నల్ ఒక్కసారిగా పడిపోయే చోట్లు ఎన్నో చూశాను. వాచీలో యాంటెనా ఫోను యాంటెనా కంటే చిన్నది, పైగా చేతికి అంటుకుని ఉంటుంది. కాబట్టి ఫోనుకు రెండు గీతలు చూపించే చోట వాచీకి ఏమీ అందకపోవచ్చు. కానీ ఆ లోపమే అయితే రోజూ ఒకే చోట వస్తుంది, మీరు చేసే కాల్స్ కూడా తెగిపోతాయి. చేసిన కాల్ కలుస్తూ వచ్చిన కాల్ మాత్రమే అందకపోవడం, అదీ కొన్ని రోజులే కావడం టవర్ చేసే పని కాదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీరు శ్రద్ధగా చదవాలి. లో పవర్ మోడ్ ఆపేది నెట్‌వర్క్‌ను మాత్రమే కాదు. గుండె వేగం మరీ పెరిగినా, మరీ తగ్గినా, లయ తప్పినట్టు అనిపించినా వాచీ ఇచ్చే హెచ్చరికలు కూడా ఆగిపోతాయి. స్టెంట్ వేయించుకున్న తండ్రికి కూతురు ఈ వాచీ కొనిచ్చింది ఎందుకో, సరిగ్గా ఆ పనినే ఇది పక్కన పెడుతోంది. చార్జింగ్ సాయంత్రానికి అయిపోతే అయిపోనివ్వండి. స్నానం చేసి టిఫిన్ తినేసరికి మళ్లీ చాలావరకు ఎక్కుతుంది. నడకకు బయల్దేరేటప్పుడు మాత్రం పసుపు గుర్తు ఉండకూడదు. ఇంకో మాట: గుండెపోటును ఏ ఆపిల్ వాచీ కనిపెట్టలేదు, ఆ సంగతి కంపెనీయే చెబుతుంది. ఛాతీలో నొప్పి, చెమటలు వస్తే వాచీ ఏం చూపిస్తోందని చూడకుండా సాయం పిలవండి.

తీసేయడం సులువు. పక్క బటన్ ఒకసారి నొక్కితే కంట్రోల్ సెంటర్ వస్తుంది (పాత సాఫ్ట్‌వేర్ అయితే తెరను కింది నుంచి పైకి జరపాలి). అందులో చార్జింగ్ శాతం చూపించే అంకె మీద నొక్కి, లో పవర్ మోడ్‌ను ఆపేయండి.

ఆ తరువాత పార్కుకు వెళ్లి చూద్దామనుకోకండి, ముందు ఇంట్లోనే పరీక్షించండి. నన్ను అడిగితే సెల్యులార్ వాచీ కొన్నవారందరూ మొదటి రోజే చేయాల్సిన పని ఇది. పక్కన ఫోను ఉండగా వాచీ ఎంత బాగా పనిచేసినా, దాని సెల్యులార్ పనిచేస్తున్నట్టు లెక్క కాదు. ఫోనును పూర్తిగా స్విచాఫ్ చేయండి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌తో సరిపెట్టవద్దు, ఫోనులో పెట్టిన ఎయిర్‌ప్లేన్ మోడ్ వాచీకి కూడా పాకేలా అమర్చి ఉండవచ్చు. వాచీ సెట్టింగ్స్‌లో వైఫై కూడా ఆపండి. ఒకటి రెండు నిమిషాలు ఆగి కంట్రోల్ సెంటర్ చూడండి. సెల్యులార్ గుర్తు పచ్చగా మారాలి. అప్పుడు మీ ఆవిడను వంటింట్లోంచి మీ నంబరుకు ఫోన్ చేయమనండి. చేతి మీద వాచీ మోగితే గెలిచినట్టే. పరీక్ష అయ్యాక వాచీలో వైఫై, ఫోను మళ్లీ ఆన్ చేసి, ఫోనును ఇంటి వైఫైలోనే ఉంచి వెళ్లండి. మామూలు ఎస్సెమ్మెస్‌లు, బయటి యాప్‌ల నోటిఫికేషన్లు వాచీకి అందాలంటే ఫోను ఎక్కడో ఒకచోట ఆన్‌లో ఉండి నెట్‌కు కలిసి ఉండాలి. బ్యాంకు మెసేజ్‌లూ ఆ దారినే వస్తాయి.

ఒకవేళ పచ్చగా మారకపోతే, అప్పుడు ప్లాన్ వైపు చూడాలి. ఫోనులోని నంబరూ వాచీలోని ఈ-సిమ్మూ (పరికరంలోనే అమర్చి ఉండే సిమ్) ఒకే నెట్‌వర్క్‌వి కావాలి. ఈమధ్య నంబరును వేరే నెట్‌వర్క్‌కు మార్చుకున్నా, పోయిన సిమ్ బదులు కొత్తది తీసుకున్నా వాచీ ప్లాన్‌ను మళ్లీ కలపాల్సి రావచ్చు. సిమ్ మార్చిన తరువాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి కాబట్టి ఓటీపీ రాలేదని ఆ రోజు కంగారు పడకండి. నంబరు కంపెనీ పేరు మీద ఉంటే, దానికి వాచీ ప్లాన్ ఇస్తారో లేదో ముందే అడగాలి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు ‘ప్లాన్ నడుస్తోందా’ అని అడిగితే నడుస్తోందనే అంటారు. ‘మీ దగ్గర నమోదైన ఈఐడీ నా వాచీదేనా, అంకెలు చదివి చెప్పండి’ అని అడగండి. ఈఐడీ అంటే ఈ-సిమ్ గుర్తింపు సంఖ్య. 32 అంకెల ఆ సంఖ్య ఐఫోనులోని వాచ్ యాప్‌లో, జనరల్ కింద అబౌట్‌లో ఉంటుంది. ఎక్కువ సమస్యలు అక్కడే తేలిపోతాయి.

చివరగా, పక్క బటన్‌ను నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళుతుంది, మన దేశంలో 112కు. ఊరికే పరీక్షించడానికి ఆ కాల్ చేయవద్దు. కానీ మీ అమ్మాయినీ, ఆవిడనూ ఎమర్జెన్సీ కాంటాక్టులుగా పెట్టుకున్నారా అని ఈరోజే చూడండి. పుట్టిన తేదీ సరిగా ఇచ్చి ఉంటే, 55 దాటినవారికి పడిపోవడాన్ని గుర్తించే సదుపాయం దానంతటదే ఆన్ అవుతుంది. అదీ ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా తమ్ముడు సంక్రాంతికి వస్తూ సెల్యులార్ వాచీ తెచ్చాడు. ఇక్కడి నంబరుతో అది కలవడం లేదు. ఈ-సిమ్ కాబట్టి ఏ దేశంలోనైనా పనిచేయాలి కదా?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: ఈ-సిమ్ ఉన్నంత మాత్రాన చాలదమ్మా, ఇక్కడి టవర్లు వాడే బ్యాండ్లను (రేడియో తరంగాల శ్రేణులను) వాచీ రేడియో కూడా అందుకోవాలి. ఉదాహరణకు జియో 4జీ మన దేశంలో 850, 1800, 2300 మెగాహెర్ట్‌జ్ మీద నడుస్తుంది. అమెరికా నెట్‌వర్క్‌లు 700, 1900 వంటి బ్యాండ్లు ఎక్కువగా వాడతాయి. ఫోనులో స్థలం ఉంది కాబట్టి చాలా దేశాల బ్యాండ్లు పెడతారు. వాచీలో అంత చోటు లేక ప్రాంతాన్ని బట్టి వేరే మోడళ్లు చేస్తారు. వాచీ మోడల్ సంఖ్య (ఇంగ్లిష్ ‘A’ అక్షరంతో మొదలవుతుంది) చూసి, అది ఇక్కడ పనిచేసేదేనా అని మీ నెట్‌వర్క్ స్టోరులో అడగండి. కాదని తేలితే సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. ఫోను దగ్గరున్నప్పుడు కాల్స్‌కు, లేనప్పుడు అడుగుల లెక్కకు, జీపీఎస్‌కు అది నిక్షేపంగా పనికొస్తుంది. అమెరికా నుంచి ఇలా తెప్పించుకోవాలనుకునే మిగతావారు డబ్బు పెట్టకముందే ఈ సంగతి కనుక్కోండి. సెల్యులార్ మోడల్‌కు అదనంగా ఇచ్చే సొమ్ము చిన్నదేమీ కాదు.

ప్రశ్న: ఔటర్ పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ మీద ఫోను లేకుండా వెళ్తాను. వాచీలో పాటలు మధ్యమధ్యలో ఆగిపోతున్నాయి, బ్యాటరీ కూడా చూస్తుండగానే దిగిపోతోంది. వాచీ మార్చాలా?
– ఒక పాఠకుడు, నార్సింగి

జవాబు: మార్చనక్కర్లేదు. సెల్యులార్ మీద పాటలు వినడం వాచీకి అతి బరువైన పనుల్లో ఒకటి. సిగ్నల్ పలచబడిన చోట టవర్‌ను అందుకోవడానికి రేడియో ఇంకా గట్టిగా పనిచేస్తుంది, బ్యాటరీ దానితో దిగుతుంది. రాత్రి చార్జింగ్‌లో పెట్టినప్పుడు ఇంటి వైఫై మీద పాటలను వాచీలోకే డౌన్‌లోడ్ చేసుకుని, ట్రాక్ మీద వాటినే వినండి. సెల్యులార్‌ను కాల్స్ కోసం అట్టే ఉంచండి.