రసాయన చర్యలో పదార్థం మారిపోయిందని మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకి జవాబుగా, రంగు మారడం, పొంగడం, వాసన రావడం చూసి చెప్పొచ్చని చాలామంది రాశారు. నన్నడిగితే చర్మాన్ని మించిన పరీక్ష లేదు. మాది పలాస. మా అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది.

వేసవి సెలవుల్లో మామ్మ పెరట్లో పగిలిన కుండ పెంకు మీద పిక్కలు కాల్చేది. కాసేపటికి తొక్కలోంచి నూనె చిమ్మి భగ్గున అంటుకునేది. "దూరం పోండర్రా, మొహం కాలిపోద్ది" అని మమ్మల్ని తరిమేది. తర్వాత బూడిద చల్లి మంట ఆర్పి, నల్లగా మాడిన పిక్కల్ని రాతితో కొట్టి పప్పు చేతిలో పెట్టేది. మేం ఆత్రంగా తినేవాళ్లం, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. అదే చెట్టు పిక్కని పచ్చిగా కొరికిన మా తమ్ముడికి మాత్రం పెదవులు పొక్కి, రెండు రోజులు అన్నం కూడా తినలేకపోయాడు.

పచ్చి తొక్క నూనెలో ఎక్కువ భాగం చర్మాన్ని పొక్కించే అనకార్డిక్ ఆమ్లం. బాగా వేడి తగిలితే దాని అణువులోంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి కార్డనాల్ మిగులుతుంది. ఈ కార్డనాల్‌నే ఫార్మాల్డిహైడ్ అనే రసాయనంతో కలిపి ప్లాస్టిక్ లాంటి గట్టి రెజిన్ చేస్తారు, అది బండ్ల బ్రేకు లైనింగుల్లోకి పోతుంది. నూనెలోనే ఉండే కార్డాల్ కూడా చర్మాన్ని పొక్కిస్తుంది, కానీ అది అలా మారదు. అందుకే కాల్చిన తొక్కని కూడా నమ్మకూడదు.

ఇప్పుడు పిక్కల్ని ఆవిరిలో ఉడికిస్తున్నారు. పొగ బాధ తగ్గిన మాట నిజమే. కానీ ఆ వేడికి తొక్క కోతకు అనువుగా తయారవుతుందే తప్ప లోపలి నూనె పెద్దగా మారదు. "ఉడికిన పిక్కే కదా" అనే యజమానులకి ఈ సంగతి ఎవరు చెప్పాలి? కిలోల లెక్కన కూలి ఇస్తుంటే గ్లౌజులు వేసుకుని నెమ్మదిగా ఎవరు కోస్తారు? ఆడవాళ్లు చేతులకి ఆముదం, బూడిద రాసుకుని పని చేస్తారు. మా అమ్మ వేళ్ల మీద తోలు ఊడి ఊడి గీతలే పోయాయి. రేషన్ మిషన్ మీద వేలు పెట్టిన ప్రతిసారీ ఆమెకి టెన్షనే.

మా బడిలో రసాయన చర్యంటే మెగ్నీషియం రిబ్బన్ బొమ్మ చూపించి ఊరుకున్నారు. సగం మంది పిల్లల తల్లులు జీడి పనిలో ఉన్న ఊళ్లో ఆ పాఠం పిక్కతో మొదలుపెట్టాలి.

ఇది చదివి ఇంట్లో పిక్కలు కాల్చకండి, ఆ పొగ కూడా మంచిది కాదు. నూనె చేతికంటితే ఒట్టి నీళ్లతో పోదు. ముందు కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి.