గచ్చు మీద ఎత్తుమడి: పుదీనా, కొత్తిమీరకి

ప్రశ్న: మాది లాసన్స్ బే కాలనీలో కింది వాటా. వెనకాల నాలుగడుగుల గచ్చు తప్ప మట్టి లేదు. కుండీలో కొత్తిమీర రెండుసార్లు వేస్తే వేలెడెత్తు వచ్చి పసుపు తిరిగి పోయింది. ఇటుకలతో ఎత్తుమడి కట్టిద్దామంటే మేస్త్రీ లోపలంతా సిమెంటు పూయాలంటున్నాడు. మా తోటికోడలేమో మట్టిలోకి బీచ్ ఇసుక తెచ్చుకో, ఫ్రీయే కదా అంటోంది. ఏం చెయ్యమంటారు?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు తోటికోడలి సంగతి. బీచ్ ఇసుక గుప్పెడు కూడా వద్దండీ, అందులో ఉప్పుంటే వేళ్ళు నీళ్ళు పీల్చుకోలేవు. అసలే మీ వైపు గాలిలోనే ఉప్పు, ఆకుల అంచులు మాడినట్టు కనిపిస్తే పొద్దున్నే మంచినీళ్ళతో ఓసారి కడిగేయండి.

మేస్త్రీ మాటా వినకండి. నేను విన్నాను. తొట్టెలా నున్నగా పూసిచ్చాడు, అక్టోబరు వానలకి నాలుగు రోజులు నీళ్ళు నిలబడి పుదీనా వేళ్ళు కుళ్ళాయి, మట్టిలో చెయ్యి పెడితే మురికికాలవ వాసన. తర్వాత ఉలీ సుత్తీ పట్టుకుని కింది వరసలో బెజ్జాలు నేనే కొట్టుకున్నాను, ఆ సంబడం ఇప్పుడెందుకు లెండి.

ఈ మడికి సిమెంటే అక్కర్లేదు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు ఎత్తు చాలు. తొమ్మిదంగుళాల ఇటుకలు నాలుగు వరసలు పేరిస్తే 70 పైచిలుకు పడతాయి. అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా మార్చి పేర్చండి, కింది వరసలో మాత్రం ఇటుకకీ ఇటుకకీ మధ్య వేలు పట్టేంత సందు వదిలి, మట్టి కొట్టుకుపోకుండా అక్కడ కొబ్బరిపీచు కుక్కండి. గచ్చు వాలు ఎటుందో ఓ చెంబెడు నీళ్ళు పోసి చూసుకోండి. ఇంటి గోడకి ఆనించొద్దు, చెమ్మ లోపలికి వస్తుంది. అడుగున కంకర వేస్తే నీరు దిగుతుందంటారు గానీ పైన మట్టి పూర్తిగా నానేదాకా నీరు కంకరలోకి దిగదు, ఉన్న అడుగు లోతులో మూడంగుళాలు దానికి పోతాయి, అంతే.

ఖాళీ సిమెంటు సంచులతో కొలిస్తే మూడు సంచుల ఎర్రమట్టి, రెండు పశువుల ఎరువు, రెండు కొబ్బరిపొట్టు. ఎర్రమట్టి అన్నానని భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి సంచి పట్టుకెళ్ళకండి, అది కాపాడుకోవాల్సిన చోటు, నర్సరీలో అడగండి. ఎరువు బాగా మాగి, నలిపితే పొడిపొడిగా రాలాలి, పేడ వాసన కొట్టకూడదు. పచ్చిది వేస్తే ఆ వేడికి మొలకలు మాడతాయి.

పుదీనాని కుండీతో సహా మడిలో పాతండి, లేకపోతే ఆర్నెల్లకి మడంతా దానిదే. వామాకు, తులసి కొమ్మ గుచ్చితే వస్తాయి. కరివేపాకు చెట్టవుతుంది కాబట్టి దీన్లో వద్దు. కొత్తిమీరకి ధనియాలు చెప్పుతో మెల్లగా రుద్ది రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి, అరంగుళం లోతున చల్లండి. పది రోజులకి మొలకలొస్తాయి, ఐదో రోజునే గోకి చూడకండి. పెద్ద వానలు తగ్గాక నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పదిహేను రోజులకో వరస వేసుకోవచ్చు. ఎండలు ముదిరితే ఆకు రాకుండానే పువ్వుకొచ్చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం రైతుబజారుకే పోండి, నేనూ అంతే.