స్టూడియో సందేహాలు: సిస్టమ్ మారితే లైసెన్స్ ఏమవుతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మైకుల గురించి అడిగినవాళ్లు తక్కువ. "డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదు" అన్నవాళ్లే ఎక్కువ. అందుకే ఈసారి పేజీ మొత్తం లైసెన్సులకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా సిస్టమ్ మదర్‌బోర్డ్ కాలిపోతే మెకానిక్ కొత్తది వేశాడు. హార్డ్ డిస్క్ పాతదే, విండోస్ పాతదే. అయినా నేను కొన్న ప్లగిన్లలో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తోడుగా ఎక్కించుకునే చిన్న ప్రోగ్రాములు) నాలుగు మళ్లీ యాక్టివేట్ చేయమంటున్నాయి. చేయబోతే లిమిట్ అయిపోయిందంటున్నాయి. వచ్చే వారం ఒక భక్తి ఆల్బమ్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది సార్.
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ముందు ఆల్బమ్ సంగతి చూద్దాం. ఆ నాలుగు కంపెనీల సైట్లలోనూ మీ అకౌంట్‌లోకి వెళ్లి చూడండి. యాక్టివేట్ చేసిన కంప్యూటర్ల జాబితా ఉండి, పాతదాన్ని తీసేసే బటన్ కనబడితే పని అక్కడే అయిపోతుంది. అది లేని కంపెనీకి ఇవాళే మెయిల్ పెట్టండి. కొన్నప్పటి ఈమెయిల్, ఆర్డర్ నంబర్, సీరియల్ నంబర్ రాసి, "మదర్‌బోర్డ్ కాలిపోయి మార్చాను, పాత యాక్టివేషన్ తీసేయండి" అని రెండు ముక్కల్లో అడగండి. మెకానిక్ ఇచ్చిన బిల్లు ఫోటో కూడా జతచేయండి. శని, ఆదివారాలు జవాబు రాకపోవచ్చు కాబట్టి ఆలస్యం చేయకండి.

ఇలా ఎందుకు జరిగిందో కూడా తెలుసుకోండి. ప్లగిన్‌ని మొదటిసారి యాక్టివేట్ చేసినప్పుడు అది మీ కంప్యూటర్‌లోని మదర్‌బోర్డ్, డిస్క్, నెట్‌వర్క్ కార్డ్ లాంటి భాగాల నంబర్లు కొన్ని తీసుకుని, కలిపి వేలిముద్ర లాంటి ఒక గుర్తు తయారుచేస్తుంది. ఆ గుర్తు కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది. సర్వర్ దాని మీద తన సంతకం పెట్టి చిన్న ఫైల్ ఒకటి తిరిగి పంపుతుంది. అప్పటినుంచి ప్లగిన్ తెరిచినప్పుడల్లా ఫైల్‌లో ఉన్న గుర్తు, ఎదురుగా ఉన్న కంప్యూటర్ గుర్తు ఒకటేనా అని సరిచూసుకుంటుంది. మీరు ఇల్లు మారలేదు, కానీ గుమ్మం మీద నంబర్ మారిపోయింది. పాత నంబర్‌ని రద్దు చేయలేదు కాబట్టి సర్వర్ లెక్కలో మీకు ఇప్పుడు రెండు ఇళ్లు.

ఎన్ని కంప్యూటర్లకు ఒప్పుకుంటారన్నది ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో ఏబుల్టన్ లైవ్ ఒక లైసెన్స్‌కి రెండు కంప్యూటర్లు ఇస్తుంది. క్యూబేస్ అయితే 12వ వెర్షన్ నుంచి మూడు. ప్లగిన్లు చేసే ఫ్యాబ్‌ఫిల్టర్ వాళ్లయితే లైసెన్స్ కీ పంపిస్తారు, దాన్ని అతికిస్తే చాలు. బోర్డ్ మార్చినా, డిస్క్ మార్చినా మళ్లీ అదే కీ పనిచేస్తుంది. కొన్నవాడిని నమ్మే ఈ పద్ధతి మీద నాకు చాలా గౌరవం.

పదేళ్ల కిందట ఒక కార్తీక మాసంలో నేనూ మీలాగే ఇరుక్కున్నాను. అయ్యప్ప పాటల ఆల్బమ్ మధ్యలో సిస్టమ్ స్లో అయిందని, ప్లగిన్లను డీయాక్టివేట్ చేయకుండానే ఫార్మాట్ కొట్టేశాను. ఎనిమిది పాటల మిక్స్‌లో వాడిన రివర్బ్ (గొంతు గదిలో మోగినట్టు చేసే ప్లగిన్) ఆరు రోజులు తెరుచుకోలేదు. అంతకన్నా బాధ ఏమిటంటే, ఒక ప్లగిన్ నా పేరు మీద లేనే లేదు. అప్పట్లో నా దగ్గర పనిచేసిన కుర్రాడి కార్డుతో, అతని ఈమెయిల్‌తో కొన్నాం. అతను దుబాయ్ వెళ్లిపోయాడు, ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ అతనికీ గుర్తులేదు. ఆ వారమే ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ప్లగిన్ పేరు, కొన్న తేదీ, ఏ ఈమెయిల్, లైసెన్స్ ఎక్కడ ఉంది, ఎన్ని కంప్యూటర్లు అని గళ్లు గీసి రాస్తున్నాను. మీరూ ఒకటి పెట్టుకోండి. ఇకమీదట మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే ముందు, సిస్టమ్ ఆన్ అవుతుంటే గనక, అన్నిటినీ డీయాక్టివేట్ చేసి తీసుకెళ్లండి.

ప్రశ్న: నేను ఏజెన్సీ గ్రామాలకు వెళ్లి జముకుల కథ, జానపదాలు రికార్డ్ చేస్తుంటాను. కొత్తగా కొనబోయే సాఫ్ట్‌వేర్‌కి ఐలాక్ కావాలట. యూఎస్‌బీ డాంగిల్ కొనాలా, క్లౌడ్ సరిపోతుందా?
(ఒక పాఠకురాలు, శ్రీకాకుళం)

జవాబు: పెన్‌డ్రైవ్ లాంటి ఆ డాంగిలే కొనండమ్మా. మీరు వెళ్లే ఊళ్లకి క్లౌడ్ పనికిరాదు.

ఐలాక్ అన్నది సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు కాపలా కాసే పద్ధతి, అమెరికాలోని పేస్ అనే కంపెనీది. ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు చాలా ప్లగిన్ కంపెనీలు దీని మీదే ఆధారపడతాయి. లైసెన్స్‌ని ఇందులో మూడు చోట్ల ఉంచుకోవచ్చు: డాంగిల్‌లో, కంప్యూటర్‌లో, క్లౌడ్‌లో. ఆ మూడింటిలో దేనికి ఒప్పుకోవాలన్నది సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ ఇష్టం, కాబట్టి కొనే ముందే అది చూసుకోండి. క్లౌడ్ అంటే పనిచేస్తున్నంతసేపూ నెట్ ఉండాల్సిందే. ఒకేసారి రెండు కంప్యూటర్లలో కూడా తెరవలేరు. కంప్యూటర్‌లోనే పెట్టుకుంటే నెట్ అక్కర్లేదు గానీ, పైన కరీంనగర్ పాఠకుడికి వచ్చిన తిప్పలే మీకూ వస్తాయి. డాంగిల్‌లో ఉన్న చిప్ మాత్రం లైసెన్స్‌ని తనలోనే దాచుకుంటుంది. రెండో తరం ఐలాక్‌లో 500 లైసెన్సులు, మూడో తరంలో 1500 పడతాయి. అంటే ఒక్కటి చాలు మీకు. ల్యాప్‌టాప్ మారినా డాంగిల్‌ని పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో గుచ్చడమే.

కొమురవెల్లి దగ్గర ఒక ఊళ్లో ఒగ్గు కథ రికార్డ్ చేయడానికి వెళ్లిన రోజు నేను మర్చిపోలేను. పొద్దున ఆరింటికే కళాకారులు డోళ్లతో వచ్చేశారు. నేను తెచ్చుకున్న రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, ఆ రోజే గడువన్నట్టు, ఆన్‌లైన్‌లో లైసెన్స్ సరిచూడాలంది. ఊళ్లో సిగ్నల్ లేదు. ఎవరిదో బండి అడిగి, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెయిన్ రోడ్డు దాకా వెళ్లి, ఫోన్ హాట్‌స్పాట్ మీద సరిచేసుకుని వచ్చేసరికి పదకొండు. కథ చెప్పే పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఆయన గొంతు పొద్దుటిపూటే బాగుంటుంది. ఆ రోజు రికార్డింగ్ విన్నప్పుడల్లా ఆ అలసట నాకు వినబడుతుంది.

అందుకే చెబుతున్నాను: బయల్దేరే ముందు రాత్రి ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, ఆ ఊళ్లో వాడబోయే ప్రతిదాన్నీ ఒకసారి తెరిచి చూడండి. డాంగిల్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి గుచ్చకండి, ఎవరి కాలైనా తగిలితే డాంగిల్‌తో పాటు పోర్ట్ కూడా పోతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి, డాంగిల్‌ని ల్యాప్‌టాప్ వెనక టేప్‌తో అంటించండి. ఐలాక్‌కి జీరో డౌన్‌టైమ్ అని ఏడాదికి కట్టే కవరేజ్ ఉంది. డాంగిల్ పాడైనా, పోయినా అందులోని లైసెన్సులు త్వరగా చేతికొస్తాయి. ఊళ్లు తిరిగే మీకు అది కట్టడమే మేలు. అది లేకుండా డాంగిల్ పోతే ఒక్కో కంపెనీని విడివిడిగా బతిమాలుకోవాలి. పగిలితే మాత్రం ముక్కలు పారేయకండి, మార్చి ఇవ్వడానికి వాళ్లు పాతదాన్ని అడుగుతారు.

ప్రశ్న: ప్లగిన్లు నిండా ఉన్న ఐలాక్ సెకండ్ హ్యాండ్‌లో తక్కువకే వస్తోంది. కొనొచ్చా?
(ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: వద్దు. డాంగిల్ మీ చేతికొచ్చినా లైసెన్సులు అమ్మినవాడి అకౌంట్‌లోనే ఉంటాయి. అతను పోయిందని రిపోర్ట్ చేస్తే మీ చేతిలో మిగిలేది ప్లాస్టిక్ ముక్క. పాత లైసెన్స్ కొనాలంటే, ఆ కంపెనీ అమ్మకానికి ఒప్పుకుంటుందో లేదో కనుక్కుని, మీ అకౌంట్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యాకే డబ్బు ఇవ్వండి.

ప్రశ్న: అన్నా, మా దగ్గర అందరూ క్రాకే వాడుతున్నరు. వాళ్లకు డాంగిల్ లేదు, నెట్ అక్కర్లేదు, లిమిట్ లేదు. పైసలు పెట్టి కొన్న నాకే ఈ తిప్పలెందుకు?
(ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: తమ్ముడూ, నీ కోపం న్యాయమైనదే. కాపలా బరువంతా కొన్నవాడి మీదే పడుతోంది, ఇది కంపెనీలు ఒప్పుకోవాల్సిన మాట. మనం గట్టిగా అడిగితే వింటారు కూడా. 2023 మార్చిలో వేవ్స్ కంపెనీ ప్లగిన్లను విడిగా అమ్మడం ఆపేసి, ఇక చందా కట్టాల్సిందే అంది. వాడేవాళ్లందరూ తిరగబడేసరికి కొద్ది రోజుల్లోనే పాత పద్ధతి కూడా మళ్లీ తెచ్చింది. కొన్నవాడికే ఆ మాట అడిగే హక్కు ఉంటుంది.

క్రాక్, అంటే లాక్ పగలగొట్టిన దొంగ కాపీ, సంగతికొస్తే, దాన్ని ఎక్కించేటప్పుడు మొదట చెప్పే మాటే "యాంటీవైరస్ ఆపెయ్" అని. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కి, నీ యూట్యూబ్ ఛానల్ పాస్‌వర్డ్, బ్యాంక్ లాగిన్ ఉన్న కంప్యూటర్‌ని అప్పగిస్తున్నావు. చట్టం కూడా తెలుసుకో. మన 1957 కాపీరైట్ చట్టంలోని 63బీ సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. సంపాదన కోసం వాడకపోతే కోర్టు జైలు లేకుండా వదలొచ్చు, కానీ స్టూడియో అంటే సంపాదనే కదా. లాక్‌ని పగలగొట్టడం మీద 2012లో 65ఏ అని వేరే సెక్షన్ కూడా చేర్చారు.

నీ దోస్తులకు ఇంకో దారి చూపించు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ని 60 రోజులు అన్ని సదుపాయాలతో వాడి చూడొచ్చు. సొంతంగా పనిచేసుకునేవాడికి, దాని మీద ఏడాదికి వచ్చే రాబడి 20 వేల డాలర్లు దాటకపోతే, లైసెన్స్ 60 డాలర్లే. ఒక కీ ఫైల్ ఇస్తారు, డాంగిల్ గొడవే లేదు. ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్‌లో పాట సేవ్ చేయొచ్చు గానీ మళ్లీ తెరవలేవు. కొన్నాక అవే ఫైళ్లు తెరుచుకుంటాయి, పైగా కొత్త వెర్షన్లు జీవితాంతం ఉచితం. సింథ్ (కంప్యూటర్‌లోనే కీబోర్డ్ శబ్దాలు పుట్టించేది) కావాలంటే సర్జ్ ఎక్స్‌టీ ఉంది, పూర్తిగా ఉచితం, దానికి యాక్టివేషనే లేదు. నేను ఇప్పటికీ పాటల్లో వాడుతున్నాను.

ప్రశ్న: పదిహేనేళ్లుగా క్యూబేస్ మీద పనిచేస్తున్నాను. పాత యూఎస్‌బీ డాంగిల్ ఇంకా పనిచేస్తోంది. కానీ కంపెనీ ఆ సర్వీస్ ఆపేసిందని విన్నాను. నా పాత పాటల గతేంటి?
(ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మీరు విన్నది నిజమేనండీ. క్యూబేస్‌కి డాంగిల్ చాలా పాత తోడు. 1989లో అటారీ కంప్యూటర్ మీద వచ్చినప్పుడే కార్ట్రిడ్జ్ పోర్ట్‌కి గుచ్చే డాంగిల్ ఉండేది. లాజిక్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా 2007లో ఎనిమిదో వెర్షన్ వచ్చేదాకా డాంగిల్‌తోనే నడిచింది. క్యూబేస్ తయారుచేసే స్టైన్‌బర్గ్ 2022 మార్చిలో క్యూబేస్ 12తో డాంగిల్ మానేసి అకౌంట్ పద్ధతికి వచ్చింది. పాత డాంగిల్‌లోని లైసెన్సులను చూసుకునే ఈలైసెన్సర్ సర్వీస్‌ని 2025 మే 20న ఆపేసింది.

భయపడకండి, మీ డాంగిల్‌లో ఉన్న లైసెన్స్ ఇప్పటికీ చెల్లుతుంది. కానీ ఆ డాంగిల్ పోయినా పగిలినా లైసెన్స్‌ని ఇంకోదానిలోకి తెచ్చుకునే దారి మూసుకుపోయింది. ఇలాంటి సర్వీస్ మూసేటప్పుడు, డాంగిల్ లేకుండా తెరుచుకునే చివరి వెర్షన్ ఒకటి పాత కొనుగోలుదారులకు ఇచ్చి వెళ్లాలని నేను గట్టిగా అనుకుంటాను. ఒకరి పదిహేనేళ్ల పని వేలెడంత చిప్ మీద ఆధారపడి ఉండకూడదు.

మీరు చేయాల్సింది ఇది. ఆ పాత సిస్టమ్‌ని కదపకండి, విండోస్ అప్‌డేట్ చేయకండి, ఇన్‌స్టాలర్ ఫైళ్లు రెండు డిస్కుల్లో దాచండి. ముఖ్యమైన పాటలతో మొదలుపెట్టి, ఒక్కో సెషన్ తెరిచి ప్రతి ట్రాక్‌నీ మొదటి బార్ నుంచి వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. గొంతుని ఎఫెక్టులతో ఒకసారి, ఎఫెక్టులు లేకుండా ఒకసారి తీయండి. కీబోర్డ్ ట్రాకులకు మిడి ఫైల్ (ఏ స్వరం ఎప్పుడు నొక్కారో రాసుండేది) కూడా తీసి పెట్టుకోండి. రోజుకి రెండు పాటలైనా చాలు. ఫోల్డర్ మీద పాట పేరు, టెంపో, శ్రుతి, శాంపిల్ రేట్, పాడినవాళ్ల పేర్లు తెలుగులోనే రాయండి. మొదటి పాట అయ్యాక ఆ ఫోల్డర్‌ని వేరే కంప్యూటర్‌లో, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ట్రాకులన్నీ ఒకదానికొకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో విని, ఆ తర్వాతే రెండో పాటకు వెళ్లండి.