గుర్తు కంటే ముందు జత

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఒకటో తరగతి పిల్లలు 3 > 5 అని రాస్తున్నారనీ, ఆ గుర్తు మొసలి నోరు, అదెప్పుడూ పెద్ద అంకె వైపే తెరుచుకుంటుందని ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతున్నారనీ రాశావు. ఇది మతిమరుపు కాదమ్మా. కొంత తప్పు గుర్తును తొందరపడి తేవడంలో ఉంది, కొంత మన తెలుగు వాక్యంలోనే ఉంది. ఆ వాక్యం సంగతి తర్వాత చెబుతాను. ముందు పలకలు, పెన్సిళ్ళు ఒక మూడు వారాలు పక్కన పెట్టించు.

లెక్కపెట్టడం వచ్చాకే పోల్చడం వస్తుందని చాలామంది అనుకుంటారు. పదిదాకా సరిగ్గా లెక్కపెట్టలేని పిల్ల కూడా నాలుగు పళ్ళాలు, మూడు గ్లాసులు ముందు పెడితే ఒక పళ్ళానికి గ్లాసు లేదని చెప్పేస్తుంది. దీనికొకటి, దానికొకటి అని జతపెట్టడమే అసలు పునాది. ఎటు మిగిలితే అటు ఎక్కువ, ఏమీ మిగలకపోతే సమానం.

దీనికి బడిలో దొరికే మంచి సాధనం గుడ్ల అట్ట. అందులో 30 గుంటలు, అంటే వరసకు ఆరు చొప్పున ఐదు వరసలు ఉంటాయి. రెండేసి వరసలుగా కత్తిరిస్తే ఒక్కో అట్టకు రెండు పీటలొస్తాయి. ఎవరింట్లోనైనా వామనగుంటల పీట ఉంటే ఇంకా మంచిది, ఏడు గుంటలకు ఎదురుగా ఏడు. ఒక వరసలో చింతపిక్కలు, ఎదుటి వరసలో సీసా మూతలు, గుంటకొక్కటే. ఒకరు ఎడమ చివర నుంచి, ఇంకొకరు కుడి చివర నుంచి మొదలుపెడితే, లేదా మధ్యలో గుంట ఖాళీ వదిలితే జత తప్పుతుంది. అందుకని రెండు వరసల్లోనూ మొదటి గుంటకు ఎర్ర సుద్దముక్కతో చుక్క పెట్టు. మూడు, నాలుగేళ్ళ పిల్లలైతే పిక్కలూ మూతలూ వద్దు, ముక్కులో నోట్లో పెట్టుకుంటారు. వాళ్ళకు చెంచాలు, గ్లాసులు చాలు.

మొదట 6, 2 ఇవ్వు. అది చూపుకే తెలిసిపోతుంది. తర్వాత 5, 3. ఆపైన 5, 4. ఒకటే తేడా ఉన్నప్పుడు కన్ను మోసపోతుంది, అప్పుడే జత అవసరమేమిటో పిల్లకు అర్థమవుతుంది. ప్రతి ఐదుసార్లలో ఒకసారైనా సమానం రావాలి. రాకపోతే ఏదో ఒకవైపు ఎక్కువుండి తీరాలనుకుని వేలు ఎటో ఒకవైపు చూపించేస్తారు.

‘ఎక్కువ’ పిల్లలకు ముందు పట్టుబడుతుంది, ‘తక్కువ’ ఆలస్యం. ‘ఏది తక్కువ?’ అంటే ఎక్కువున్న వైపే చూపించేవాళ్ళుంటారు. వినలేదని కసురుకోకు. ఇంట్లో వాళ్ళు వినే ‘తక్కువ’ వేరు: కూరలో ఉప్పు తక్కువైంది, డబ్బులు తక్కువయ్యాయి, అంటే చాలలేదని. రెండు కుప్పలను పక్కపక్కన పెట్టి వాడే ‘తక్కువ’ బడిలోనే నేర్చుకోవాలి. కాబట్టి రోజూ రెండు ప్రశ్నలూ సరిసమానంగా అడుగు.

పీట మీంచి నేల మీదికి దించాక అసలు పరీక్ష. ఐదు పిక్కలు, ఎదురుగా ఐదు మూతలు పెట్టి, మూతల వరసను దూరదూరంగా జరిపితే నాలుగైదేళ్ళ పిల్లలు మూతలే ఎక్కువంటారు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే చాలాకాలం కిందటే ఇది చూపించాడు. పొడవును చూసి లెక్కనుకుంటారు. అయితే ఇందులో టీచరు పొరపాటూ కొంత ఉంటుంది. జరపకముందు ‘ఏది ఎక్కువ?’ అని, జరిపాక మళ్ళీ అదే ప్రశ్న అడిగితే, మొదట చెప్పింది తప్పేమోనని పిల్ల మాట మార్చేస్తుంది. 1974లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు, అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరసను చెదరగొట్టినట్టు ఆడించి అడిగితే, సరైన జవాబులు బాగా పెరిగాయి. నువ్వూ అలాగే చెయ్యి. జరిపేది నువ్వు కాకుండా ఒక తోలుబొమ్మో, గుడ్డతో చేసిన పిల్లిబొమ్మో కావాలి. తప్పు చెబితే దిద్దకు. ‘మళ్ళీ జతపెట్టి చూద్దామా?’ అను, అంతే.

పరిమాణం తెచ్చే చిక్కు ఇంకోటి. మూడు బత్తాయిలు, ఐదు ఉసిరికాయలు పెడితే బత్తాయిలే ఎక్కువంటారు. తెలుగు మనకిక్కడ సాయం చేస్తుంది: లెక్కించేవాటికి ‘ఎన్ని’, పోసేవాటికి ‘ఎంత’. నువ్వే ‘ఏది ఎక్కువ?’ అని గోడమీది పిల్లిలా అడిగితే పిల్ల తప్పు కాదు. ‘ఏవి ఎక్కువున్నాయి? ఎన్నున్నాయి?’ అని విడదీసి అడుగు. బియ్యం, నీళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు పొడుగు గ్లాసు, వెడల్పు గిన్నె చూపించి ‘దేంట్లో ఎంత?’ అను. ఒకే చిన్న గిన్నెతో రెండింటినీ కొలిపించాలి, ప్రతిసారీ అంచుదాకా నింపి చేత్తో పైన చదును చెయ్యాలి. ఒకసారి కుప్పగా, ఒకసారి వెలితిగా కొలిస్తే పాఠమే తలకిందులవుతుంది. పొడవుకైతే రెండు తాళ్ళ చివర్లూ ఒకే గీత దగ్గర మొదలవ్వాలి. బరువు ఈ ఏడాదికి అక్కర్లేదు.

ఇక ‘ఎన్ని ఎక్కువ?’ అనే ప్రశ్న. ఐదు పిట్టలు, మూడు పురుగులు చూపించి ‘పిట్టలు ఎన్ని ఎక్కువ?’ అంటే ‘ఐదు’ అంటారు. అదే బొమ్మతో ‘పురుగు దొరకని పిట్టలెన్ని?’ అంటే ‘రెండు’ అంటారు. 1983లో హడ్సన్ అనే పరిశోధకుడు చేసిన పరిశీలన ఇదే. లెక్క తెలియక కాదు, ‘ఎన్ని ఎక్కువ’ అన్న మాట ఎక్కక. అందుకని కొన్నాళ్ళు రెండో ప్రశ్నే అడిగి, వాళ్ళు జవాబు చెప్పగానే నువ్వే కలుపు: ‘పురుగు దొరకనివి రెండు. అంటే పిట్టలు రెండు ఎక్కువ.’ పదిరోజులకు ఆ మాట వాళ్ళ నోటే వస్తుంది.

ఇప్పుడు గుర్తు. మొసలి కథ నాకు నచ్చదు. పిల్లలు పళ్ళు గీస్తూ కూచుంటారు, చదవమంటే చదవలేరు. దానికి బదులు ఖాళీ అగ్గిపెట్టెలు, రెండు చీపురు పుల్లలు తీసుకో. నేలమీద ఎడమవైపు ఐదు పెట్టెలు నిలువు వరసగా, జానెడు దూరంలో కుడివైపు మూడు. రెండు వరసల అడుగూ ఒకే గీతమీద ఉండాలి. అడుగున ఒక పుల్ల అడ్డంగా పెట్టు, పైకొనల మీదుగా ఇంకో పుల్ల వాలుగా పెట్టు. పుల్లలు ఐదు వైపు ఎడంగా, మూడు వైపు దగ్గరగా ఉంటాయి. పెట్టెలు తీసేసి దగ్గరున్న కొనలు కలిపితే అదే >. వరసలు తారుమారు చేస్తే <. నాలుగు, నాలుగు పెడితే పుల్లలు సమాంతరంగా ఉంటాయి, అది =. సమానానికి ఈ రెండు గీతలను 1557లో రాబర్ట్ రికార్డ్ అనే గణితజ్ఞుడు పెట్టాడు. ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలకంటే సమానమైనవి ఇంకేముంటాయని ఆయన వాదం. మిగతా రెండు గుర్తులూ 1631లో అచ్చయిన, థామస్ హారియట్ అనే మరో గణితజ్ఞుడి పుస్తకంలో వచ్చాయి. పిల్లలకు ఇవేవీ చెప్పక్కర్లేదు, నీకోసం రాశాను.

ఇక వాక్యం సంగతి. మనం సహజంగా ‘మూడు కన్నా ఐదు ఎక్కువ’ అంటాం. పిల్ల ఆ వరసలోనే రాస్తుంది: ముందు 3, తర్వాత ఐదు, ‘ఎక్కువ’ అన్నాం కాబట్టి >. అలా 3 > 5 అవుతుంది. పిల్ల బుర్రలో లెక్క సరిగ్గానే ఉంది! కాబట్టి తప్పు కొట్టేముందు రాసింది చదివించు. ‘మూడు కన్నా ఐదు ఎక్కువ’ అని చదివితే రాతే దిద్దాలి. ‘మూడు, ఐదు కన్నా ఎక్కువ’ అని చదివితే గుడ్ల అట్ట దగ్గరికి వెనక్కి వెళ్ళాలి. రెంటికీ మందు వేరు.

రాత దిద్దడానికి ‘అనేది’ అన్న మాట వాడు. 5 > 3ని ‘ఐదు మూడు కన్నా ఎక్కువ’ అని గబగబా చదివితే ఐదూ మూడూ అతుక్కుపోయి వినిపిస్తాయి. ‘ఐదు అనేది మూడు కన్నా ఎక్కువ’ అని చదివించు. ఎడమచేతి వేలు మొదటి అంకె మీద ఉంచి, ‘వేలు కింద ఉన్నదాని గురించే చెబుతున్నాం’ అను.

రెండంకెల సంఖ్యలకు వచ్చేసరికి 19, 21లో తొమ్మిది చూసి 19 పెద్దదంటారు. పది పుల్లలకొక రబ్బరుబ్యాండు వేసి కట్టలు కట్టించు. ముందు కట్టలను జతపెట్టాలి. కట్టలు సమానమైతేనే విడిపుల్లలు చూడాలి. ఈ వరస తప్పితే మాత్రం అక్కడికక్కడే ఆపు.

రోజుకు పది, పన్నెండు నిమిషాలకు మించొద్దు. రెండో వారం చివర ఎవరెవరు ఏ మెట్టు దగ్గర ఆగారో, ‘తక్కువ’కు ఎంతమంది ఎక్కువున్న వైపు చూపిస్తున్నారో పేర్లవారీగా రాసి పంపు, అప్పుడు చూద్దాం.

ఇట్లు,
పెద్దమ్మ