ఉపమానం వెంట ఏమేమి వస్తయో చూడు

వరంగల్

తమ్మీ,

నీ కథ చదివిన. నడక బాగుంది, ఉపమల కాడనే, అంటే పోలికల కాడనే, తట్టుకొని పడుతున్నవు. మొదటి పేజీలనే తొమ్మిదున్నయి. పేజీకి రెండు నిలబడితే చాలా ఎక్కువ.

"మల్లయ్య కండ్లు ఎండుమిర్చి లెక్క ఎర్రగున్నయి" అని రాసినవు. కండ్లు ఉపమేయం, మిర్చి ఉపమానం, ఎరుపు సమానధర్మం, "లెక్క" ఉపమావాచకం. నాలుగూ ఉన్నయి, పూర్ణోపమే. బడి లెక్కన పూర్తి మార్కులు. అయినా వాక్యం కుదరలేదు. మిర్చి ఒక్క ఎరుపునే తేదు, ఘాటును కూడ వెంటేసుకొని వస్తది. మల్లయ్యకు కోపం వచ్చి ఉంటే ఆ ఘాటు పనికొచ్చేది. ఆయన రాత్రంతా కొడుకు మంచం కాడ కూసొని ఏడ్చిండాయె! చదివేటోనికి దుఃఖం బదులు కోపం కనబడుతది.

అందుకే ఉపమానం దొరకంగనే దాని గుణాలన్నీ కాగితం మీద పెట్టు. ఎండుమిర్చికైతే ఎరుపు, ఘాటు, ముడత, లోపల గలగలమనే గింజ. నీకు కావలసినదాని కింద గీత గియ్యి. మిగిలినవాటిల ఒక్కటి సన్నివేశానికి అడ్డం తగిలినా ఆ ఉపమానాన్ని కొట్టెయ్యి.

అన్నీ కలిసొస్తే సమానధర్మాన్నే చెప్పకుండ విడిచిపెట్టొచ్చు. "ఎనుమాముల మార్కెట్ల నిలబడ్డడు, తాలుకాయ లెక్క." ఎనుమాముల మన వరంగల్ మిర్చి మార్కెట్, తాలుకాయంటే రంగు పోయిన మిర్చి. పాలిపోవుడు, ధర పలకకపోవుడు రెండూ చెప్పకుండనే తెలుస్తయి. ఇది లుప్తోపమ. తాలు తెలువని పాఠకులుంటరు కాబట్టి, అంతకుముందే కల్లంల తాలు ఏరి పక్కకేసే పని ఒకసారి చూపించు. "చంద్రబింబం లాంటి ముఖం"ల కూడ ధర్మం లోపించిందే, కాని అరిగిపోయింది. గుండ్రమా, వెలుగా అని ఎవరూ ఆగి చూడరు.

"తమ్ముడు అన్న లెక్కనే పొడుగు" అనేది ఉత్త సమాచారం. దాన్ని ఉపమల ఖాతాల వెయ్యకు.

పత్తి ఏరే అవ్వ నోట "వలె" పెట్టకు, "లెక్క", "తీరు" అననియ్యి. ఆమె చూపుతోని కథ నడిచేటప్పుడు మంచుకొండలు కూడ వద్దు. తెలుపు కావాలంటే గునుగు పువ్వుంది, పగిలిన పత్తికాయుంది.

శాస్త్రం కావాలంటే విద్యానాథుని ప్రతాపరుద్రీయం ఉంది, సంస్కృతంల అలంకారాల పుస్తకం, మన ఓరుగల్లుల పుట్టిందే. ఉపమల భేదాలు అండ్ల నేర్చుకో. ఉదాహరణలు మాత్రం కాకతీయ ప్రతాపరుద్రుని పొగడ్తలు. అవి మల్లయ్యకు అక్కరకు రావు.

తొమ్మిదిట్ల ఏడు కొట్టేసి, ఏది ఎందుకు పోయిందో పక్కన రాసి పంపు.

మీ అన్న